పన్నెండు మొక్కల పొగతోట

పొగాకు గింజల్ని మొదటిసారి అరచేతిలో పోసుకున్నప్పుడు అవి గింజలంటే నమ్మబుద్ధి కాలేదు. ముదురు గోధుమరంగు పొడిలా ఉన్నాయి. కాస్త గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోతాయి. పక్కన ఒక ఆవగింజ పెట్టి చూస్తే అది బండరాయిలా కనిపించింది. ఒక్క గ్రాము పొగాకు విత్తనంలో పది, పన్నెండు వేల గింజలుంటాయి. అంత చిన్న గింజలో మొలకకు కట్టి ఇచ్చే సద్దిమూట దాదాపు ఏమీ ఉండదు. చిక్కుడు గింజను రెండంగుళాల లోతున పాతినా, తన బద్దల్లో ఉన్న తిండితో మట్టిని తోసుకుని పైకి వస్తుంది. పొగాకు గింజకు ఆ బలం లేదు. అందుకే వెలుతురు తగిలితే గానీ అది సరిగా మొలవదు. వెలుతురు తగిలిందంటే తాను మట్టి పైనే ఉన్నానని దానికి గుర్తు. ఈ ఒక్క సంగతి తెలిశాక నారుమడి దగ్గర రైతు చేసే ప్రతి పనికీ కారణం కనబడసాగింది.

నేనుండేది హొసకోటెలో. బెంగళూరు నుంచి కోలారు వెళ్లే 75వ నంబరు జాతీయ రహదారి మీద, పెద్ద చెరువున్న ఊరు. చుట్టూ ఎర్రనేల, రాగి చేలు, మల్బరీ తోటలు, నీలగిరి తోపులు. పొగాకు పండే సీమ కాదు ఇది. కర్ణాటకలో పొగాకంటే మైసూరు వైపు హుణసూరు, పిరియాపట్టణ, లేకపోతే బెళగావి వైపు బీడీ పొగాకు పండించే నిప్పాణి. కానీ మా బాబాయిది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర పల్లె. ముప్పై ఏళ్లకు పైగా పొగతోట వేసిన చెయ్యి ఆయనది. ఆ పని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను గానీ చూడటం వేరు, తెలియడం వేరు. ఒక్కసారైనా సొంతంగా పెంచితే తప్ప తెలియదనిపించి, నిరుడు సెప్టెంబరులో ఆయన దగ్గర చిటికెడు నాటు పొగాకు విత్తనం తెచ్చుకున్నాను. పెరట్లో పన్నెండు మొక్కలు పెట్టి, ఏప్రిల్ దాకా వాటి వెంటే ఉన్నాను. నాటు రకమే ఎందుకంటే, వర్జీనియా రకం వేయాలంటే 1975 నాటి చట్టం ప్రకారం పొగాకు బోర్డులో రైతుగా నమోదు కావాలి. గుంటూరు కేంద్రంగా 1976లో మొదలైన బోర్డు అది.

మొక్కలు మోకాలెత్తు పెరిగేసరికి పక్కింటి అవ్వ గోడ మీదుగా తొంగిచూసి, "ఏం నాయనా, హొగెసొప్పు వేసినావా?" అంది. ఆమెది తెలుగే, కానీ ఈ ఆకుకు మాత్రం కన్నడ పేరే నోటికొచ్చింది. హొగె అంటే పొగ, సొప్పు అంటే ఆకు. తమిళంలో పుగైయిలై అన్నా అర్థం అదే. దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చిన మొక్క ఇది. అక్బరు కొలువుకు అసద్ బేగ్ దీన్ని తీసుకువెళ్లింది 1600ల తొలి ఏళ్లలో, మన దక్కను లోని బీజాపూరు నుంచే. అరువు పేరు తీసుకోకుండా మూడు భాషలూ దాని గుణాన్ని బట్టి ఒకే మాట కట్టుకున్నాయి. నెల్లూరు నడిబొడ్డున పొగతోట అనే పేట ఇప్పటికీ ఉంది.

ఈ ఆకు చేసే కీడు నాకు తెలుసు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. నేను పొగ తాగను. నా ఆకు ఎవరికీ తాగడానికి ఇవ్వలేదు. ఇక్కడ రాస్తున్నది ఆ ఆకును తయారుచేసే చేతుల్లోని విద్య గురించి. ఆ విద్య నిజంగా గొప్పది.

నారుమడి సంగతికి వద్దాం. పొలంలో మడిని జానెడు ఎత్తున కట్టి, మధ్యలో కాలువలు తీస్తారు. నీరు నిలిస్తే నారు కుళ్లు తెగులు ఒక్క రాత్రిలో మడంతా పాకుతుంది. నా పెరట్లో మడికి బదులు అడుగున చిల్లులున్న చెక్కపెట్టె. జల్లించిన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి నింపాను. చిటికెడు గింజల్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే అన్నీ ఒకచోటే పడతాయి. చల్లాక మట్టి కప్పకూడదు, అరచేత్తో అదిమితే చాలు. పైన వరిగడ్డి పలచగా పరుస్తారు. ఆ గడ్డిని ఎంత పలచగా పరవాలన్న దాంట్లోనే పనితనమంతా ఉంది. గింజకు వెలుతురు అందేంత సందు ఉండాలి, మట్టి పైపొర ఆరిపోనంత నీడా ఉండాలి, నీళ్లు పోసినప్పుడు గింజలు కొట్టుకుపోకుండా అడ్డూ పడాలి. గడ్డి ఒక్కటే మూడు పనులూ చేస్తుంది. నీళ్లు రోజ్ క్యానుతో, పొగమంచులా, రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా చల్లాలి. ఎనిమిదో రోజున గడ్డి పోచల మధ్య సూదిమొన అంత ఆకుపచ్చ చుక్కలు కనిపించాయి. అప్పటి నుంచి వారం పాటు గడ్డిని రోజూ కొంచెం కొంచెంగా తీశాను. ఒక్కసారే తీస్తే మొలకలు ఎండకు మాడిపోతాయి.

నలభై రోజులకు నారు జానెడు ఎత్తుకు వచ్చింది. అప్పుడు బాబాయి ఫోన్లో చెప్పిన మాట నాకు మొదట అర్థం కాలేదు. "ఇంక నీళ్లు ఆపెయ్ రా అబ్బాయ్. వారం రోజులు దాహంతో ఉండనీ."

పీకేముందు నారును ఎండగట్టడం అంటే ఇదే. నీళ్లు బాగా తాగి పెరిగిన మొక్క కాడ మెత్తగా, లోపలంతా నీరుగా ఉంటుంది. అలాంటిదాన్ని పీకి ఎండలో నాటితే వాలిపోయి, లేవదు. వారం రోజులు దాహంతో ఉంచితే కాడ గట్టిపడుతుంది, ఆకు కాస్త దళసరి అవుతుంది, రంగు ముదురుతుంది. పెన్సిలంత లావు, వంచితే విరగకుండా సాగే కాడ ఉన్నదే నాటడానికి పనికొచ్చే పొగనారు. పీకే రోజు పొద్దున మాత్రం మడి తడపాలి, వేళ్లు తెగకుండా రావడానికి. ముందు దాహం, తర్వాత చెంబెడు నీళ్లు. ఈ లెక్క పొగాకు బతుకంతా నడుస్తుందని నాకప్పుడు తెలియదు.

ప్రకాశం జిల్లా నల్లరేగడిలో అక్టోబరు, నవంబరు వానలకు నాటిన తోట ఆ తర్వాత దాదాపు వాన చూడదు. నేల తాగి దాచుకున్న తేమ మీదే మార్చి దాకా బతకాలి. ఆ తేమను కాపాడేది గుంటక. ఎండ ముదిరేకొద్దీ రేగడి నేల నెర్రెలిస్తుంది. ఒక్కో నెర్రె లోపలి తేమకు తెరిచిపెట్టిన తలుపు. సాళ్ల మధ్య గుంటక తోలితే పైన రెండంగుళాల మట్టి పొడిపొడిగా విరిగి నెర్రెల్లోకి జారుతుంది. అడుగు నుంచి పైకి పాకే సన్నటి నీటి దారులన్నీ ఆ పొడిమట్టి దగ్గర తెగిపోతాయి. కింద తేమ ఉంటుంది, పైన దుమ్ము ఉంటుంది, ఆ దుమ్మే నేలకు దుప్పటి. కలుపు కూడా పోతుంది గానీ కలుపు కోసమే గుంటక తోలుతారనుకుంటే పొరపాటు. కలుపు లేని చేలో కూడా మళ్లీ మళ్లీ తోలుతారు. బొట్టు నీరు పోయకుండా నీరు కట్టినంత మేలు చేసే ఈ పని నాకు చాలా గొప్పగా తోచింది.

మా ఎర్రనేల రేగడి అంత తేమ దాచుకోదు. అక్టోబరు ఆఖరున, ముసురు పట్టిన సాయంత్రం, రెండున్నర అడుగుల ఎడంలో పన్నెండు మొక్కలు నాటి ఒక్కోదానికి చెంబెడు నీళ్లు పోశాను. ఆ తర్వాత గుంటకకు బదులు చేతి తొలికతో వారానికోసారి మొక్కల చుట్టూ పైమట్టి కదిపాను. నీళ్లు పది పన్నెండు రోజులకోసారే. మధ్యాహ్నం ఆకులు వాలినా తొందరపడలేదు. సాయంత్రానికి లేచి నిలబడితే వేరు లోతుకు వెతుక్కుంటోందని అర్థం. పొద్దున కూడా వాలి ఉంటేనే నిజమైన దాహం. నీళ్ల విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. పొగాకు నేలలోని క్లోరైడును ఆబగా తాగేసి ఆకులో నింపుకుంటుంది. క్లోరైడు ఎక్కువైన ఆకు సరిగా కాలదు, గాలిలోని తేమ పీల్చి చెమ్మగిల్లుతుంది. అందుకే పొగాకు రైతులు పొటాష్ కావాలంటే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ముట్టరు, సల్ఫేట్ ఆఫ్ పొటాషే వేస్తారు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని, అక్టోబరు వానల్లో డాబా మీది నుంచి పట్టిన నీళ్లు డ్రమ్ముల్లో దాచి వాడాను. పొటాష్ కోసం పొయ్యి బూడిద గుప్పెడు.

పురుగుల గురించి ఎక్కువ చెప్పను, ఒక్క లద్దెపురుగు గురించి తప్ప. వేరుశనగ, పత్తి, మిరప, ఏ పంటను తిన్నా తెలుగు రైతు దాన్ని 'పొగాకు లద్దెపురుగు' అనే పిలుస్తాడు. దాని రెక్కల పురుగు ఆముదం ఆకు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. అందుకే పొగనారు చుట్టూ ఆముదం చెట్లు వేస్తారు. గుడ్ల ముద్ద కనబడిన ఆముదపు ఆకును తుంచి నాశనం చేస్తే వందల పురుగులు పుట్టకముందే పోతాయి. రోజూ ఐదు నిమిషాలు నడిచి ఆకుల అడుగు చూసే కన్ను ఉంటే మందు అవసరం చాలా తగ్గుతుంది. పొగాకు మల్లె సంగతి వేరు. పేరు అందంగా ఉంటుంది, పువ్వూ బాగుంటుంది. కానీ ఆకుపచ్చదనమే లేని ఆ మొక్క పొగాకు వేరుకు అంటుకుని దాని రసం తాగి బతుకుతుంది. దాని గింజలు నేలలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. పువ్వు విచ్చేలోపే పీకి కాల్చెయ్యాలి. మా పెరడు కొత్త నేల, ఆ బాధ లేదు.

ఇంకో జబ్బుకు మాత్రం భయపడ్డాను. ఆకు మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు గళ్లుగళ్లుగా పడే మొజాయిక్ తెగులు. మనిషికి వైరస్ అనేదొకటి ఉందని మొదట తెలిసింది ఈ తెగులు వల్లే. జబ్బు పడ్డ ఆకు రసాన్ని బ్యాక్టీరియా దాటలేని జల్లెడలో వడకట్టినా, ఆ రసం జబ్బు అంటిస్తూనే ఉందని 1892లో ఇవనోవ్‌స్కీ గమనించాడు. 1898లో బైయరింక్ దాన్ని కొత్తరకం అంటుగా గుర్తించాడు. 1935లో స్టాన్లీ ఆ వైరస్‌ను స్ఫటికాలుగా తీసి చూపించాడు. అది చేతులకు అంటుకుని టమాటాకు, మిరపకు పాకుతుంది. అందుకే పొగమొక్కలను తాకిన చేతులు సబ్బుతో కడిగాకే కూరమడి వైపు వెళ్లేవాణ్ణి.

జనవరి మొదటి వారంలో మొక్కల తలలపై గులాబీ రంగు మొగ్గలు కనిపించాయి. పువ్వు పూయనివ్వాలని నాకు ఎంతో అనిపించింది. బాబాయి ఒప్పుకోలేదు. "విత్తనానికి ఒక్కటి ఉంచు. మిగతా తలలు తుంచెయ్." తుంచాను. దాని వెనుక ఉన్న యంత్రాంగం తెలిశాక ఈ పంటలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే అయింది.

నికోటిన్ ఆకులో ఉంటుంది గానీ ఆకులో పుట్టదు. పుట్టేది వేళ్లలో. 1940లలో చేసిన అంట్ల ప్రయోగాలు దీన్ని తేల్చాయి. పొగాకు వేరుకు టమాటా కొమ్మ అంటు కడితే టమాటా ఆకుల్లో నికోటిన్ చేరింది. టమాటా వేరుకు పొగాకు కొమ్మ కడితే పొగాకు ఆకుల్లో నికోటిన్ లేదు. వేరు తయారుచేసిన ఘాటు నీళ్లతో పాటు పైకి ఎక్కి ఆకులో చేరుతుంది. తల తుంచగానే మొక్కలో రెండు మార్పులు జరుగుతాయి. గింజకు పోవాల్సిన బలమంతా ఆకులకు మళ్లుతుంది. ఆకు వెడల్పవుతుంది, దళసరి అవుతుంది, వేలితో తడిమితే తోలులా తగులుతుంది. తలకు గాయమైందని తెలిసి వేళ్లు మరింత సాగి, నికోటిన్ ఎక్కువ చేస్తాయి. పురుగు కొరికినా మొక్క చేసేది ఇదే. అంటే రైతు తన బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక పురుగులా మొక్కను కొరుకుతున్నాడు. ఎంత కొరకాలో, ఎప్పుడు కొరకాలో తెలిసిన పురుగులా. మొగ్గ మరీ చిన్నగా ఉన్నప్పుడు తుంచితే పైఆకులు ముతకబారతాయి. పువ్వు విచ్చాక తుంచితే అప్పటికే బలం వృథా అయినట్టు. నాలుగైదు మొగ్గలు రంగు తిరిగి, ఒకటి రెండు విచ్చుకోబోయే రోజే అదను.

తల పోయిన మొక్క ఊరుకోదు. ప్రతి ఆకు చంకలోంచీ పిలక వేస్తుంది. గిల్లితే అక్కడే ఇంకోటి, అదీ గిల్లితే మూడోది. ఒక్కో చంకలో మూడు మొగ్గలు వరసగా దాచుకుని ఉంటుంది. నెల రోజుల పాటు వారానికోసారి పదకొండు మొక్కలకీ, పద్దెనిమిదేసి ఆకుల చంకలకీ వంగి గిల్లుతుంటే, ఎకరాల మీద ఈ పని చేసే కూలీల నడుములు గుర్తొచ్చాయి. వాళ్లది నైపుణ్యం మాత్రమే కాదు, ఓర్పు కూడా. గిల్లేటప్పుడు చేతికి నల్లటి జిగురు అంటుకుంటుంది. ఆకు మీది సన్నటి నూగు కొసల్లో ఉన్న జిగురు గుళికలవి. చిన్న పురుగులు అందులో చిక్కి చచ్చిపోతాయి. ఎండాక ఆకుకు వచ్చే వాసనలో చాలా భాగం ఆ జిగురుదే. ఎండాకాలపు ఎండ, మితమైన దాహం ఆ జిగురును పెంచుతాయి. వాన పడితే కడుక్కుపోతుంది. కోతకు ముందు పొడి వాతావరణం కావాలని రైతు కోరుకోవడానికి ఇదొక కారణం.

ఆకులు అన్నీ ఒకేసారి పండవు. కింది నుంచి పైకి పండుతాయి. వర్జీనియా తోటల్లో ఒక్కో విడతకు మొక్కకు రెండు మూడు ఆకులు మాత్రమే కొట్టే పద్ధతి ఇందుకే. ఆ విడతను ప్రకాశం వైపు రెలుపు అంటారు. నాటు పొగాకుకు కూడా నేను అదే పాటించాను. అడుగాకు పలచన, చప్పన. నడిమాకు వెడల్పు, నాణ్యం. కొసాకు చిన్నది, దళసరి, ఘాటు. ఒకే మొక్క మీద మూడు సరుకులు. పండిన ఆకును గుర్తుపట్టడానికి నాలుగు గుర్తులు నేర్చుకున్నాను. పచ్చదనం మీద పసుపు తేలుతుంది. అంచులు కిందికి వాలతాయి. నడిమి ఈనె తెల్లబడుతుంది. కిందికి నొక్కితే ఆకు తొడిమ 'టక్' మని శుభ్రంగా విరుగుతుంది. పచ్చి ఆకు అలా విరగదు, పీచు లాక్కుని వస్తుంది. బాబాయి ఆకు కొట్టేటప్పుడు కన్ను కన్నా చెవిని ఎక్కువ నమ్ముతాడు. చూడకుండానే శబ్దం విని 'ఇది తొందరపడ్డాం' అనేవాడు. మంచు ఆరాకే కొయ్యాలి. తడి ఆకు మీది నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి ఎక్కి తలతిప్పు, వాంతులు వస్తాయి. పొగాకు కూలీలకు ఇది నిజమైన బాధ. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు పెట్టుకోవడం మంచిది.

ఇక్కడి దాకా వచ్చింది పంట మాత్రమే. పొగాకు ఇంకా తయారు కాలేదు. పచ్చి ఆకులో నూటికి ఎనభై వంతులకు పైగా నీళ్లే. ఆ నీళ్లు పోగొడితే చాలనుకుంటే ఆకును ఎండలో పరిస్తే సరి. రెండు రోజుల్లో గలగలమంటుంది. కానీ అది పొగాకు కాదు, ఎండిన ఆకుపచ్చ ఆకు. వాసన ఎండుగడ్డిది, రుచి చేదు. ఆకు కోసిన తర్వాత కూడా కొన్నాళ్లు బతికే ఉంటుంది. ఆ కొన్నాళ్లలో అది తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, ఆకుపచ్చను విరగ్గొట్టుకుంటుంది. ఆకుపచ్చ చాటున మొదటి నుంచీ ఉన్న పసుపు అప్పుడు బయటపడుతుంది. ఆ పని పూర్తయ్యేదాకా ఆకును చావనివ్వకూడదు. పూర్తయ్యాక బతకనివ్వకూడదు. మామిడికాయను గడ్డిలో మగ్గబెట్టినట్టే ఇదీ మగ్గబెట్టడం.

ఈ మగ్గబెట్టడాన్ని వేడితో, గంటల లెక్కన నడిపే యంత్రమే పొగాకు బ్యారన్. గోడలు గట్టివి, ఎత్తయినవి. లోపల అంతస్తులుగా అడ్డదూలాలు. ఆకులు అల్లిన కర్రలు వాటి మీద వరసగా వేలాడుతాయి. పొయ్యి నోరు బయట ఉంటుంది. మంట, పొగ లోపలి నేల చుట్టూ తిరిగే ఇనుప గొట్టాల్లోంచి పోయి గొట్టం కొస నుంచి బయటికే వెళ్లిపోతాయి. పొగ ఆకును ఒక్కసారి కూడా తాకదు, తాకేది వేడి మాత్రమే. కింద గాలి కిటికీలు, పైన గాలి కిటికీలు. మొదటి దశలో కిటికీలు మూసి 35 డిగ్రీల దగ్గర వేడి, నిండా చెమ్మ. ఆకు పసుపు తిరిగేదాకా అంతే. పసుపు తిరిగిందని తేల్చుకున్నాక కిటికీలు తెరుస్తూ 50 దాకా పెంచితే రంగు అక్కడే ఆగిపోతుంది. ఆఖరున 70 దాకా తీసుకెళితే లావుపాటి ఈనె ఎండుతుంది. మొత్తం ఐదారు రోజులు. మొదటి దశను పూట ముందు ముగిస్తే ఆకు పచ్చగా మిగిలిపోతుంది. పూట ఆలస్యమైతే పసుపు దాటి గోధుమరంగుకు మళ్లుతుంది. రాత్రి రెండింటికి లేచి లాంతరు వెలుగులో గాజు కిటికీలోంచి రంగు చూసి కట్టె తోయాలా, ఆపాలా తేల్చే మనిషి చేతిలో ఏడాది కష్టం ఉంటుంది.

నాటు ఆకుకు బ్యారన్ అక్కర్లేదు. నీడలో, గాలికి, నెలకు పైగా మగ్గుతుంది. పసుపు దగ్గర ఆగకుండా, తన చక్కెరను తానే ఖర్చుపెట్టుకుని గోధుమరంగుకు, ఆ పైన ముదురు రంగుకు తిరుగుతుంది. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు కూడా ఇలా ముదురు రంగు తేలేదే. దాని చుట్టలు ఎంత దూరం వెళ్లాయంటే, 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి గుర్తుపట్టగలనని చెప్పే చుట్టల్లో 'లంకా' ఒకటి.

జనవరి చివరి వారంలో నా మొదటి రెలుపు. అడుగాకులు దబ్బనంతో తొడిమల దగ్గర గుచ్చి, వీపూ వీపూ కలిపి జంటలుగా పురికొసకు ఎక్కించాను. కడుపూ కడుపూ కలిస్తే అతుక్కుపోయి మధ్యలో బూజు పడుతుంది. సామాన్ల గదిలో కిటికీలు తెరిచి తోరణంలా కట్టాను. వారంలో ఆకులు ఆకుపచ్చగానే గలగలలాడాయి. హొసకోటె దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. ఆ రోజుల్లో మధ్యాహ్నపు గాలి చాలా పొడిగా ఉంటుంది. మొక్క పెరిగేటప్పుడు నాకు మేలు చేసిన ఆ పొడిదనమే ఇప్పుడు ఆకును మగ్గకముందే చంపేసింది.

రెండో రెలుపుకు పద్ధతి మార్చాను. కిటికీలు మూసేశాను. నాలుగు గోనెసంచులు తడిపి గది గోడల వెంట వేలాడదీసి, పొద్దున, మధ్యాహ్నం మళ్లీ తడిపాను. తోరణాల్లో ఆకుల మధ్య ఎడం తగ్గించాను. ఒక ఆకు వదిలే చెమ్మ పక్క ఆకును కాపాడుతుంది. రోజూ రెండుసార్లు తలుపు సందులోంచి చూసేవాణ్ణి. ఐదో రోజు అంచుల్లో పసుపు మొదలైంది, అక్కడి నుంచి ఈనె వైపు పాకింది. పదకొండో రోజుకి ఆకంతా నిమ్మపండు రంగు. అప్పుడు తడి సంచులు తీసేశాను, రాత్రిళ్లు కిటికీ తెరిచాను. గోధుమరంగు నెమ్మదిగా, మరకలు లేకుండా ఎక్కింది. ఆ వారంలో గదిలో మాగిన మామిడిపండు, ఎండుగడ్డి, కొంచెం తేనె కలిసిన వాసన. మార్చి రెండో వారానికి ఈనెలు వంచితే కొబ్బరి ఈనెలా విరిగాయి. ఈనె విరిగితే లోపల తడి లేనట్టు. వంగితే ఇంకా ఉన్నట్టు. తడి ఈనె ఉన్న ఆకును కట్ట కడితే మధ్యలో కుళ్లుతుంది.

ఎండిన ఆకును అప్పుడే ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పొడైపోతుంది. తెల్లవారుజామున గాలి చెమ్మతో ఆకు పదునుకొచ్చి, గుడ్డలా మడతపడేటప్పుడే దించాలి. నాలుగింటికి లేచి దించాను. ఆకుల్ని సాపు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చి, గోనెపట్టాలో చుట్టి పైన బరువు పెట్టాను. పొలాల్లో దీన్నే మండె వేయడం అంటారు. మండె లోపల ఆకు మళ్లీ వేడెక్కుతుంది. అప్పుడు ఘాటైన అమ్మోనియా వాసన కొంత వదులుతుంది, రంగు సమంగా సర్దుకుంటుంది. చెయ్యి లోపల పెడితే గోరువెచ్చగా తగలాలి. వేడి ఎక్కువైతే మండె విప్పి, లోపలి ఆకు పైకి, పైఆకు లోపలికి మార్చి మళ్లీ కట్టాలి. పెద్ద మండెల్లో ఇది వారాల పని. నా చిన్న మూటకు వేడి పట్టేంత బరువు లేదు, సగమే పనిచేసింది.

పన్నెండు మొక్కలకు కిలో పైచిలుకు వచ్చింది. ఇంతకుముందు కాలంలోనైతే ఈ కిలోకు లెక్క చెప్పాల్సి వచ్చేదేమో. 1943లో పొగాకు మీద ఎక్సైజు సుంకం పెట్టారు. ముడి పొగాకు మీద అది 1979 దాకా నడిచింది. నా ఆకులో కొంత నానబెట్టి, వడగట్టి గులాబీల మీది పేనుబంకకు చల్లాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల అగ్నిఅస్త్రంలో వేప, వెల్లుల్లి, పచ్చిమిర్చితో పాటు పొగాకు వాడేది ఈ గుణం చూసే. అది మనిషికీ విషమే, కాబట్టి తినే ఆకుకూరల మీద చల్లలేదు, పిల్లల చేతికి అందనివ్వలేదు.

మే నెలలో ఊరెళ్లినప్పుడు రెండు రెలుపుల ఆకూ పట్టుకెళ్లాను. బాబాయి నడిమాకు అరచేతిలో పరిచాడు, ఈనె మీద బొటనవేలు నడిపాడు, అంచు మడిచి విప్పాడు, వాసన చూశాడు. తర్వాత అడుగాకు తీసి ఒక్కసారి చూసి పక్కన పెట్టాడు. "నడిమాకు పనికొస్తుంది రా. ఈ అడుగాకు ఎండబెట్టావు, మగ్గబెట్టలేదు" అన్నాడు. విత్తనానికి ఉంచిన మొక్క కాయలు డబ్బాలో ఉన్నాయి. సెప్టెంబరు మధ్యలో మళ్లీ చల్లుతాను.